డాక్టరమ్మకో ఉత్తరం: పరాయి కార్నియా పెడితే ఒళ్ళు ఊరుకుంటుందా?

పోయిన నెలంతా కోతలు, నూర్పిళ్ళు. అందుకే కాబోలు, వచ్చిన ఉత్తరాల్లో సగం కంట్లో పడ్డ నలక గురించే. మిగతా వాటిలో కరీంనగర్ నుంచి వచ్చిన ఒకటి నన్ను రెండు రోజులు కదలనివ్వలేదు. ముప్పై రెండేళ్ళు సర్కారు ఆసుపత్రుల్లో కళ్ళు చూశాను, ఆ ప్రశ్న నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్ళు తక్కువ. ముందు దానికే జవాబు రాస్తున్నాను. చోటంతా అదే తినేస్తే మిగతావారు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా నాన్నగారి కంట్లో పువ్వు ఉంది. వచ్చే నెల కార్నియా మారుస్తామన్నారు. మా పిన్నికి కిడ్నీ మార్చినప్పుడు రక్తం గ్రూపు అని, మ్యాచింగ్ అని నెలల తరబడి తిప్పారు. ఇక్కడ నాన్న రక్తం గ్రూపు ఏమిటని కూడా ఎవరూ అడగలేదు. ఎవరిదో ముక్క తెచ్చి పెడితే ఒళ్ళు ఊరుకుంటుందా? అడిగితే విసుక్కుంటారేమోనని మీకు రాస్తున్నాను.
— డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: విసుక్కుంటే విసుక్కోనీ తల్లీ, అడగాల్సిందే. ఇది బుర్ర ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్న.

నల్లగుడ్డు అని మనం పిలిచేది నిజానికి నల్లగా ఉండదు. చేతిగడియారం మీది అద్దంలా తేటగా ఉంటుంది. వెనకున్న రంగు కనబడి మనకు నల్లగా అనిపిస్తుంది. అదే కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కన్నా కాస్తే ఎక్కువ. ఆ అద్దం మీద తెల్లమచ్చ పడితే పువ్వు అంటాం. నాన్నగారికి మార్చేది ఆ అద్దాన్ని, కన్ను మొత్తాన్ని కాదు.

ఇక పరాయి సరుకు ఒంట్లోకి వస్తే పసిగట్టి మీద పడేవి తెల్లకణాలు. వాటికి రోడ్డు రక్తనాళాలే. కార్నియాలో ఒక్క రక్తనాళం కూడా లేదు. ఉండి ఉంటే మనం లోకాన్ని ఎర్రదారాల వల వెనక నుంచి చూడాల్సి వచ్చేది. దానికి కావలసిన ఆక్సిజన్ గాలిలోంచి కన్నీటి ద్వారా అందుతుంది, తిండి వెనకనున్న నీటిలోంచి వస్తుంది. లింఫు నాళాలు కూడా లేవు. అంటే సైన్యం రావడానికి దారి లేదు, “ఇక్కడ ఎవడో కొత్తవాడు దిగాడు” అని కబురు మోసుకెళ్ళడానికీ దారి లేదు. అందుకే మామూలు కేసుల్లో రక్తం గ్రూపు అడగం.

మీ పిన్ని కిడ్నీ సంగతి ఎత్తారు కాబట్టి చెప్తాను. మనిషి నుంచి మనిషికి కిడ్నీ మార్చి అది నిలబడింది 1954లో, బోస్టన్‌లో. అదీ ఒకే పోలికతో పుట్టిన కవలల మధ్య. కార్నియా మార్పిడి నిలబడింది అంతకు దాదాపు యాభై ఏళ్ళ ముందు, 1905 డిసెంబరు 7న. ఓల్మూట్జ్ అనే ఊళ్ళో, ఇప్పుడది చెక్ దేశంలో ఉంది, ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు చేశాడు. రోగి ఒక కూలి. సున్నం పడి రెండు కళ్ళూ తెల్లబడ్డాయి. ఇనుపముక్క గుచ్చుకుని, ఇక లాభం లేదని తీసేసిన పదకొండేళ్ళ పిల్లాడి కంట్లో కార్నియా మాత్రం బాగుంది. దాన్ని తెచ్చి ఆ కూలి రెండు కళ్ళకూ అమర్చాడు. ఒక కంట్లో పాడైంది, రెండో కంట్లో తేటగా నిలబడింది, అతను మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. తెల్లకణాలను అణిచే స్టెరాయిడ్ అనే మందే అప్పటికి లేదు, అది వైద్యంలోకి వచ్చింది 1940ల చివర్లో. ఏ మందూ లేకుండా పరాయి ముక్క ఎలా నిలబడిందో జిర్మ్‌కు కూడా తెలిసే అవకాశం లేదు.

ఆ గుట్టు కొంత విప్పింది పీటర్ మెడవార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధంలో ఒళ్ళు కాలిన సైనికులకు వేరేవాళ్ళ చర్మం అతికిస్తే ఎందుకు ఊడిపోతోందని వెతుకుతూ ఈ దారిలోకి వచ్చాడు. పరాయి కుందేలు చర్మం ముక్కను కుందేలు కంట్లో, కార్నియాకీ కనుపాపకీ మధ్యనున్న నీటిలో పెట్టి చూశాడు. వేరేచోట అయితే కొద్దిరోజుల్లో కుళ్ళి పోవాల్సిన ముక్క, రక్తనాళాలు పాకనంత వరకు అక్కడ బతికింది. అది 1948. కంటికి ఇలాంటి ప్రత్యేక హక్కు ఉందన్న మాట అప్పటినుంచి నలుగురి నోటా పడింది. 1960లో ఆయనకు నోబెల్ వచ్చింది.

కన్ను తలుపులు బిగించుకుని ఒంటి సైన్యానికి కనబడకుండా కూర్చుంటుందనే చాలాకాలం అనుకున్నాం. 1970ల్లో కాప్లాన్, స్ట్రైలీన్ అనే ఇద్దరు పరిశోధకులు చూస్తే సంగతి ఇంకా గమ్మత్తుగా తేలింది. కంటి నీటిలో పెట్టిన పరాయి పదార్థం కబురు ఒంటికి చేరుతోంది! కంట్లోంచి కొన్ని కణాలు రక్తంలో పడి ప్లీహం దాకా వెళ్తాయి. వెళ్ళి “వీణ్ణి పట్టుకోండి” అనవు, “వీడి జోలికి పోకండి” అని చెప్తాయి. ఎలకకు ప్లీహం తీసేస్తే ఈ సర్దుబాటు జరగదు. పైగా కంటి నీటిలోనే తెల్లకణాల కోపాన్ని చల్లార్చే పదార్థాలు ఉన్నాయి. కంటి లోపలి గోడల మీద ఉన్న ఒక అణువు, కొట్లాటకు దిగిన తెల్లకణం తగిలితే దాన్ని అక్కడికక్కడే చచ్చిపొమ్మంటుంది. 1995లో ఇది బయటపడింది. దాక్కోవడం కాదన్నమాట, కన్ను రాయబారం నడుపుతోంది.

ఎందుకింత మెతకదనం అంటారా? మోచేతి మీద కురుపు లేస్తే ఒళ్ళు అక్కడ యుద్ధం చేస్తుంది, చీము పడుతుంది, మచ్చ మిగులుతుంది. మోచేతి మీద మచ్చతో ఎవరికీ పని ఆగదు. అదే మచ్చ కార్నియా మధ్యలో పడితే అది పువ్వు. కార్నియా లోపలి వైపు ఒకే వరుసలో పేర్చిన కణాలు ఉంటాయి, పెద్దవాళ్ళలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2500. పోయినవి మళ్ళీ పుట్టవు. వెనకనున్న రెటీనా మందం పావు మిల్లీమీటరు. అద్దాల కొట్టులో దొంగ దూరాడని దుడ్డుకర్ర తిప్పితే దొంగ పోతాడేమో గాని కొట్టు మిగలదు.

నాన్నగారి విషయానికి వస్తాను. ఈ హక్కు రాసిచ్చిన పట్టా కాదు. పాత పుండు వల్ల కార్నియాలోకి రక్తనాళాలు పాకి ఉంటే, లేదా ఇంతకుముందు ఒకసారి మార్చి పాడై ఉంటే, రోడ్డు పడిపోయినట్టే. అప్పుడు ఒళ్ళు కొత్త ముక్కను తోసేసే ప్రమాదం బాగా పెరుగుతుంది. “రక్తనాళాలు ఎన్ని వైపుల నుంచి వచ్చాయి?” అని డాక్టరుగారిని అడగండి, ఈ ఒక్క ప్రశ్న చాలు. మార్చాక చుక్కలమందు నెలలు కాదు, కొందరికి ఏళ్ళు వాడాలి. కన్ను ఎర్రబడినా, వెలుతురు గుచ్చుకున్నా, మసక వచ్చినా, నొప్పి వచ్చినా ఆ రోజే వెళ్ళాలి. నా దగ్గర ఒక మేస్త్రి మూడేళ్ళు బ్రహ్మాండంగా చూశాడు. కూతురి పెళ్ళి హడావుడిలో చుక్కలు మానేశాడు, మసక వస్తే నిద్ర చాలక అనుకున్నాడు. మూడు వారాలు ఆగి వచ్చాడు. స్లిట్ ల్యాంపు అనే, సన్నటి వెలుగుతో కన్ను పెద్దదిగా చూపే పరికరం కింద చూస్తే కార్నియా లోపలి గోడ మీద సన్నటి గీత, తెల్లకణాలు వరుసకట్టి అంచు నుంచి లోపలికి నడుస్తున్నాయి. గీత దాటివచ్చిన మేర అంతా ఉబ్బి మసకబారింది, ముందున్న భాగం ఇంకా తేటగానే ఉంది. మొదటి రోజే వచ్చి ఉంటే ఆ గీతను నిలవేసేవాళ్ళం.

సున్నం మాట వచ్చింది గనక ఒక్క ముక్క. తమలపాకుల్లోకి అమ్మే సున్నం పొట్లాలు పిల్లలు నొక్కి ఆడతారు, అవి చిట్లి కంట్లో పడతాయి. ఏ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళతో అరగంట కడగండి, ఆ తర్వాతే ఆటో ఎక్కండి. సున్నం నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను చంపేస్తుంది, అవి పోతే రక్తనాళాలు కార్నియా మీదికి పాకుతాయి. అప్పుడు ఉత్త కార్నియా మార్పిడి నిలవదు. బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, తుంచి నాటే పద్ధతి ఒకటి మన హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి నుంచే 2012లో వచ్చింది. నారు పోసినట్టే ఉంటుంది చూడ్డానికి. సొంత కణాలే కాబట్టి ఒళ్ళు తిరగబడదు.

ప్రశ్న: ఊక ఎగిరి కుడి కంట్లో పడింది. మా మరదలు నాలుకతో తీసింది. మెడికల్ షాపులో చుక్కలు ఇచ్చారు, రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా అనిపించింది. ఇప్పుడు మసకగా ఉంది, నల్లగుడ్డు మీద తెల్లగా ఏదో కనబడుతోంది. మా అత్తగారు చంటిపిల్లతల్లి పాలు పోయమంటున్నారు. పోయవచ్చా?
— రైతు, మిర్యాలగూడ దగ్గర

జవాబు: ఈ ఉత్తరం చూసిన రోజే ఎడిటర్ గారితో ఫోన్ చేయించాను. ఆయన అప్పటికే పెద్దాసుపత్రిలో చేరారని తెలిసి కుదుటపడ్డాను. కాబట్టి ఇది మిగతావారి కోసం.

కార్నియా పై పొర చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం సూక్ష్మజీవులు లోపలికి పోవడం చాలా కష్టం. రెప్ప తుడుస్తూ ఉంటుంది, కన్నీరు కడుగుతూ ఉంటుంది. ఊక, వరి ఆకు, చెరకు ఆకు చేసేది ఆ పొరను గీకడం. ఆ గీతలో ఆకు మీది బూజు దిగుతుంది. ఫంగస్ అంటే అదే. చెట్టూ చేమా మీద అది మామూలుగా ఉండేదే, కంట్లో దానికి చోటు లేదు, మనమే గీత గీసి చోటిచ్చాం. నాలుకతో తీస్తే నోట్లో క్రిములు కూడా తోడవుతాయి. పాలు ఎంత పవిత్రమైనవైనా ఆ గీతలో పోస్తే మేతే.

గీత పడగానే ఒళ్ళు అంచున ఉన్న రక్తనాళాలను వెడల్పు చేసి తెల్లకణాలను పంపిస్తుంది. ఎరుపు అంటే అదే, కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారని గుర్తు. షాపులో ఇచ్చిన చుక్కల్లో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ ఆ కాపలావాళ్ళను ఇంటికి పంపించేస్తుంది. ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, షాపతను దేవుడిలా కనిపిస్తాడు. ఫంగస్ మాత్రం తలుపు తీసిన ఇంట్లో దర్జాగా పాకుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సంక్రాంతి ముందు, చేత్తో కన్ను మూసుకుని ఒకాయన వచ్చాడు. క్యూ గుమ్మం దాటి వరండాలోకి ఉంది. ఎర్రగా ఉంది, నీరు కారుతోంది, దురద అన్నాడు. ఎలర్జీ అనుకుని స్టెరాయిడ్ చుక్కలు రాశాను. రంగు వేసి నీలివెలుగులో చూసి ఉంటే గీత పచ్చగా మెరిసేది, రెండు నిమిషాల పని, చూడలేదు. పదో రోజు వచ్చాడు. నల్లగుడ్డు మీద బూడిదరంగు పుండు, అంచులు కోడిఈకలా చీలి ఉన్నాయి, పక్కనే చిన్న పిల్లపుండ్లు రెండు. కార్నియా వెనక అడుగున చీము తేరుకుని ఉంది, గ్లాసులో పిండి తేరినట్టు. గీకి తీసిన పొట్టు మీద పొటాష్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ దారాలు కొమ్మలు కొమ్మలుగా. ఆయన కన్ను ఉంది, చూపు చాలా వరకు పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. “నా రాత అమ్మా” అన్నాడు. నా ప్రిస్క్రిప్షన్ అని చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది.

దీనికి మందు నాటమైసిన్ అనే పాత చుక్కలు. అడుగున తెల్లగా పేరుకుంటాయి, కుదిపి వెయ్యాలి. మొదట్లో పగలు గంటగంటకీ, ఆపైన వారాల తరబడి. ఖరీదైన కొత్తమందు వోరికొనజోల్ ఇంకా మేలేమోనని తమిళనాడు అరవింద్ ఆసుపత్రుల్లో పోల్చి చూశారు. 2013లో వచ్చిన ఫలితంలో పాతమందే గెలిచింది. కంట్లో ఏదన్నా పడితే శుభ్రమైన నీళ్ళతో కడగండి, నలపకండి. రేపటికి తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మెడికల్ షాపు మెట్లు మాత్రం ఎక్కొద్దు.

ప్రశ్న: ఏడాదిలో మూడోసారి నా కుడి కన్ను ఎర్రబడింది. లైటు చూస్తే సూదులతో గుచ్చినట్టు ఉంటుంది. డాక్టర్ స్టెరాయిడ్ చుక్కలు రాసి, నడుము ఎక్స్‌రే తీయించమన్నారు. స్టెరాయిడ్ అంటే భయం. అసలు కంటికీ నడుముకీ ఏం సంబంధం? చాలా టెన్షన్‌గా ఉంది.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 27 ఏళ్ళు, హైదరాబాద్

జవాబు: పొద్దున్న లేచేసరికి నడుము పట్టేసినట్టు ఉండి, అటూ ఇటూ నడిచాక సర్దుకుంటోందా? కుర్చీ వల్ల అనుకుంటున్నారా? అయితే మీ డాక్టరు తెలివైనవారు, వదలకండి.

ఇందాక చెప్పిన రాయబారం మీ కంట్లో చెడింది. క్రిమి ఏదీ లేదు, సైన్యం మాత్రం దిగింది. దీన్ని యువియైటిస్ అంటారు. పెంకుటింట్లో పెంకు సందులోంచి ఎండపొడ పడితే అందులో దుమ్ము తేలుతూ కనబడుతుంది కదా, స్లిట్ ల్యాంపు వెలుగు కంట్లోకి సన్నగా పంపితే తెల్లకణాలు అచ్చం అలాగే తేలుతుంటాయి. వాపు ఎక్కువైతే నీళ్ళలోకి ప్రొటీన్ కారి, వెనకటి సినిమా హాల్లో ప్రొజెక్టర్ వెలుగులో బీడీ పొగలా కనబడుతుంది. మామూలుగా అక్కడ ఏమీ కనబడకూడదు, కటిక చీకటి.

తెల్లకణాల మీద ఒక గుర్తు, హెచ్‌ఎల్‌ఏ బి27 అని, కొందరిలో పుట్టుకతో ఉంటుంది. అది ఉన్నవాళ్ళలో కొందరికి వెన్నెముక కీళ్ళు బిగుసుకుపోతాయి, కొందరికి ఇలా ఒక కన్ను ఉన్నట్టుండి ఎర్రబడుతుంది, కొందరికి రెండూ. ఈ సంబంధం 1973లో తేలింది. గుర్తు ఉన్నవాళ్ళలో చాలామందికి జీవితాంతం ఏమీ కాదు, అదీ చెప్పాలి.

స్టెరాయిడ్ సంగతి. పై జవాబులో నేను తిట్టిన మందే మీ కన్ను నిలబెట్టేది. ఫంగస్ ఉన్నచోట కాపలావాళ్ళను పంపించేస్తే కొంప మునుగుతుంది, శత్రువే లేనిచోట వాళ్ళు కొంప కూలుస్తుంటే పంపించకపోతే మునుగుతుంది. ఏది ఏదో తేల్చేది స్లిట్ ల్యాంపు. చెప్పినన్నిసార్లు వెయ్యండి, చెప్పినట్టే మెల్లగా తగ్గించండి, ఒక్కసారిగా ఆపొద్దు. కనుపాప పెద్దదయ్యే చుక్కలు కూడా రాసి ఉంటారు. స్క్రీన్ రెండు రోజులు మసకే, మానొద్దు. ఆ చుక్కలు లేకపోతే కనుపాప వెనకనున్న లెన్సుకు అతుక్కుపోతుంది. మధ్యమధ్యలో కంటి ప్రెషర్ చూపించుకోండి.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్ళు. చీపురుపుల్ల బాణం ఎడమ కంట్లో గుచ్చుకుంది. ఆపరేషన్ చేసి కుట్లు వేశారు. ఇప్పుడు ప్రతిసారీ కుడి కన్ను కూడా పరీక్ష చెయ్యాలంటున్నారు. బాగున్న కంటికి పరీక్ష ఎందుకు, బిల్లు కోసమేనని మావారు అంటున్నారు.
— గృహిణి, ఒంగోలు

జవాబు: మీవారితో నా మాటగా చెప్పండి: ఈ బిల్లు కట్టండి.

కంటి లోపలి పొరల్లో ఉండే కొన్ని పదార్థాలు ఒంటి సైన్యానికి సరిగ్గా పరిచయం కావు, గోడల మధ్య ఉండిపోతాయి కాబట్టి. కన్ను చిల్లుపడితే అవి బయటికొచ్చి సైన్యం కంట పడతాయి. ఎప్పుడూ చూడని మొహం కదా, సైన్యం శత్రువనుకుంటుంది. ఆ మొహమే రెండో కంట్లోనూ ఉంది. అలా దెబ్బ తగలని కన్ను కూడా వాచిపోవచ్చు. చాలా అరుదు, భయపడకండి. వస్తే ఎక్కువగా రెండు వారాలు దాటాక, మూడు నెలల లోపు. నూటికి తొంభైమందికి ఏడాదిలోపే.

1812లో పారిస్ దగ్గర కూవ్రే అనే ఊళ్ళో, తోలు పనిచేసే తండ్రి దుకాణంలో ఆడుకుంటూ మూడేళ్ళ పిల్లాడు ఆరెతో కన్ను పొడుచుకున్నాడు. ఐదేళ్ళు వచ్చేసరికి రెండో కన్ను కూడా పోయింది. ఆ పిల్లాడు లూయీ బ్రెయిలీ. అతనికి జరిగింది ఇదేనని కంటి డాక్టర్లలో చాలామంది నమ్మకం. అప్పటికి మందు లేదు, ఇప్పుడు ఉంది, తొందరగా పట్టుకుంటే చూపు నిలుస్తుంది. బాబు “దగ్గరి అక్షరాలు మసకగా ఉన్నాయి” అన్నా, ఎండలోకి రానని మారాం చేసినా వచ్చే తేదీ దాకా ఆగకండి.

ప్రశ్న: కళ్ళకలక వచ్చినవాళ్ళను చూస్తే వస్తుందా? 2023 వానాకాలంలో మా ఇంట్లో అందరికీ వచ్చింది. నాకు తగ్గాక కూడా రెండు నెలలు వీధి దీపాల చుట్టూ వలయాలు కనబడ్డాయి. ఎందుకు?
— టీచరు, పార్వతీపురం

జవాబు: చూస్తే రాదు. చేతులు, తువ్వాలు, దిండుగలీబు, తలుపు గడియ, వీటి ద్వారా వస్తుంది. నల్లకళ్ళజోడు పెట్టుకునేది వెలుతురు పడక, పక్కవాళ్ళను కాపాడడానికి కాదు.

వలయాల సంగతి మాత్రం ఆసక్తిగా ఉంది. వైరస్‌ను చంపాక దాని చెత్త కార్నియాలో అక్కడక్కడ మిగిలిపోతుంది. తెల్లకణాలు ఆ చెత్త చుట్టూ మూగి చిల్లర నాణేల్లా మచ్చలు కడతాయి. శత్రువు పోయాక కూడా పహరా ఎత్తేయనట్టు. నెలల్లో వాటంతట అవే మాయమవుతాయి. తొందరపడి స్టెరాయిడ్ వేస్తే పోతాయి, ఆపితే మళ్ళీ వస్తాయి. ఓపిక పట్టండి.

ప్రశ్న: కంటికి ఇమ్యూనిటీ పెంచే క్యాప్సూల్స్ నెలకు 1,800 రూపాయలు పెట్టి కొంటున్నాను. కొనసాగించనా?
— రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: పై జవాబులన్నీ మరోసారి చదవండి. కంట్లో ఇమ్యూనిటీ పెరిగిపోతే మీకు నచ్చదు. విటమిన్ ఎ లోపిస్తే కన్ను ఎండి పుండు పడే మాట నిజం, ముఖ్యంగా తిండి చాలని చంటిపిల్లల్లో. మీరు రోజూ పప్పు, తోటకూర, మునగాకు తింటున్నానని రాశారు. ఆ 1,800 మనవలకు ఇవ్వండి.

ప్రశ్న: డాక్టరమ్మగారూ, ఏడిస్తే కళ్ళు శుభ్రమవుతాయా? మా అన్నయ్య అవుతాయని చెప్పి నన్ను ఏడిపిస్తున్నాడు.
— ఏడో తరగతి విద్యార్థిని, నందిగామ

జవాబు: మీ అన్నయ్య సగం కరెక్టు, అది వాడికి చెప్పకు.

కంటి మీద ఎప్పుడూ ఉండే కన్నీరు చాలా కొంచెం, 7 మైక్రోలీటర్లు. చుక్కలమందు సీసాలోంచి పడే ఒక్క చుక్క అంతకు ఐదారింతలు ఉంటుంది. అందుకే రెండో చుక్క వేస్తే చెంప మీదికే పోతుంది. ఆ కాస్త నీళ్ళలో పెద్ద సరంజామా ఉంది. ఒకటి క్రిముల గోడలు కొరికేస్తుంది, ఒకటి వాటికి తిండైన ఇనుమును దాచేస్తుంది, ఇంకోటి వాటిని పట్టుకుని అతుక్కోనివ్వదు. ఏడ్చినప్పుడు నీళ్ళు ఎక్కువగా వచ్చి దుమ్ము కొట్టుకుపోతుంది గాని, సరుకు పలచబడుతుంది. ఏడవకుండా రెప్ప వేస్తే చాలు, నిమిషానికి పదిహేనుసార్లు నువ్వు వేస్తూనే ఉన్నావు. ఫోన్ చూసేటప్పుడు తగ్గిపోతుంది, అది మీ అన్నయ్యకు చెప్పు.

రాత్రి నిద్రలో రెప్ప కదలదు కదా, అప్పుడు ఒళ్ళు తెల్లకణాలను లక్షల్లో కంటి మీదికి పంపిస్తుంది. పొద్దున్న నీ కంటి మూల ఉండే పుసిలో వాళ్ళూ ఉంటారు, రాత్రి డ్యూటీ చేసి దిగినవాళ్ళు.

గోడలు కొరికే దాని పేరు లైసోజైమ్. కనిపెట్టింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్, పెన్సిలిన్‌కు ఆరేళ్ళ ముందు, 1922లో లోకానికి చెప్పాడు. మొదట తన జలుబు చీమిడిలో చూశాడు. తర్వాత కన్నీళ్ళు కావలసి వచ్చి, లేబొరేటరీలో వాళ్ళ కళ్ళలో నిమ్మతొక్క పిండి ఏడిపించాడు. ఈ మాట కూడా మీ అన్నయ్య దాకా పోనివ్వకు, ఇంట్లో నిమ్మకాయలు ఉంటాయి.